తగ్గితే మేలైన లెక్క

బెంగళూరు,
9 జూన్ 2025

పెద్దనాయనకు సలాం.

ఫోన్‌లో మీకు సరిగా వినపడదని, ప్రతి మాటకూ "ఆఁ ఆఁ" అంటారే గానీ ఏమీ అందదని పెద్దమ్మ చెప్పింది. అందుకే రాస్తున్నాను. తెలుగు రాయడం నాయన నేర్పిందే. తప్పులుంటే మీ తమ్మునివే అనుకోండి.

నాయన పోయి పద్నాలుగు నెలలైంది. ముప్పై ఏళ్లు ఆయన పెద్దోళ్ల బ్యాగులు మోసిన గోల్ఫ్ గ్రౌండులోనే నాకు కౌంటర్‌లో పని ఇచ్చినారని మీకు తెలుసు. ఎవరు ఏ టైముకు ఆడతారో రాసుకోవడం, ఆట అయినాక వాళ్ల స్కోరు కార్డులు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. నేను కూర్చునే చోటు నుంచి పద్నాలుగో గుంత కనిపిస్తుంది. నాయన బ్యాగు భుజాన ఉండగానే కూలిపోయింది అక్కడే. మొదట్లో అటువైపు కర్టెను వేసుకునేదాన్ని. ఇప్పుడు వేయడం లేదు.

సోమవారం మెంబర్లకు ఆట బందు. ఆ పొద్దు బ్యాగులు మోసే క్యాడీలు, పనోళ్లు ఆడుకోవచ్చు. నాయన బ్యాగు తీసుకుని నేనూ ఆడుతున్నాను. అందులో బంతి కొట్టే కడ్డీ ఒకటి లేదు, ఏడో నంబరుది. అది ఎప్పుడో పామిడిలో మరిచి వచ్చినానని నాయన అనేవాడు. మీ దగ్గర ఉందా?

అసలు సంగతి చెప్తాను. పూర్వం ఇక్కడ క్యాడీల కప్పు అని పోటీ ఉండేది. 2002 తర్వాత నిలిపేసినారు. ఈ ఏడు సెప్టెంబరు 8న మళ్లీ పెడుతున్నారు, ఆడపిల్లలు కూడా ఆడొచ్చని నోటీసు అంటించినారు. నేను పేరు ఇచ్చినాను. "నీకేమన్నా తిక్కనా" అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నాకు ఇంతవరకు వచ్చింది నూట ఎనిమిది. నాయనకు ఆ రోజుల్లో డెబ్బై ఆరు వచ్చిందని పాత క్యాడీలు చెప్తారు. ఎట్లా వచ్చిందో అడుగుదామంటే ఆయన లేడు. ప్రతి నెలా ఆట గురించి మీకు కార్డు రాసేవాడు కదా. అవి ఉంటే నాకు పంపండి.

ఇంకొకటి అడగాలి. 2002 మే నెలలో జరిగిన ఆ కప్పుకు నాయన పేరు లిస్టులో లేదు. ఎందుకని అడిగితే "రాలేదులే బుజ్జీ" అని నవ్వేసేవాడు. నేను పుట్టింది ఆ నెలలోనే. "నువ్వు వచ్చినావు, ఆయప్ప ఆట పోయింది" అని అమ్మ ఎగతాళికి అంటుంది. ఎగతాళికే అనుకుంటూ పెరిగినాను. నాయన పోయినాక ఆ మాట నన్ను వదలడం లేదు. నేను పుట్టినందుకే ఆయన ఆట మానుకున్నాడా? మీకు తెలిసి ఉంటుంది. ఉన్నదున్నట్టు రాయండి.

మీ తమ్ముని కూతురు,
సిమ్రాన్

*

పామిడి,
17 జూన్ 2025

చిరంజీవి సిమ్రాన్‌ను దీవించి పెద్దనాయన రహంతుల్లా రాయునది.

నీ జాబు శనివారం అందింది. కవరు మీది అక్షరాలు చూసి ఒక గడియ పొరబాటు పడినాను. "ర" కింద నువ్వు పెట్టే కొక్కెం నీ నాయన అతావుల్లాదే. మీ పెద్దమ్మ వచ్చి "ఏమైందయ్యా, అట్లనే నిలబడినావు" అనేదాకా కవరు చించలేదు.

ఈడ మృగశిర పుట్టి పది దినాలైంది. చినుకు లేదు. నేను బడికి పోయింది రెండు తరగతులే, తక్కినది అంగడి పలక మీద నేర్చుకున్నాను. అయినా రోజూ చిట్టా రాస్తాను. వాన ఎంత, దూది ఎంత పట్టింది, పరుపులు ఎన్ని అయినాయి, ఇంటికి ఎవరు వచ్చినారు. వాన గడిలో పది దినాలుగా "లేదు" అనే రాస్తున్నాను.

నీ నాయన కార్డులు భద్రంగా ఉన్నాయి. కడ్డీ కూడా ఉంది. అరల మీద నుంచి దూది మూటలు కిందికి లాగడానికి వాడుకుంటున్నాను. ఏమనుకోవద్దు.

నీకు నూట ఎనిమిది వచ్చిందంటే మాకు చాలా సంతోషం. నీ నాయన మొదట్లో నూట ఒకటి తెచ్చినాడు. అదే అతని మంచి కాలం. ఆ తర్వాత నెలనెలా పడిపోయి డెబ్బై ఆరుకు వచ్చినాడు. అవి చూసి దిగులు పడవద్దు. బ్యాగులు మోసి మోసి భుజం అరిగి ఉంటుంది, అందుకే ఆట చేతికి రాలేదు. అతనికి చేతకానిది నీకు చేతనైంది. ముప్పై రెండు ఎక్కువ తెచ్చినదానివి, పోటీకి భయపడవలసిన పని లేదు.

లిస్టు సంగతి పాతది. తర్వాత రాస్తాను.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు, నీకు రాస్తున్నాను. దూది ఏకే మిషను పక్కన నలభై ఏళ్లు కూర్చుని నా చెవులు పోయినాయి. నీ మాట వినపడదు, మసీదులో బాంగు వినపడదు. కానీ మా నాయన దూది ఏకిన పాత విల్లు గోడకు వేలాడుతూ ఉందే, తెల్లవారేటప్పుడు దాని తాడు మోగుతుంది. నాకు వినపడుతుంది. మీ పెద్దమ్మకు వినపడదు. చిన్నప్పుడు అతావుల్లా ఆ విల్లును కొట్టే కట్టె తీసుకుని పెన్న ఇసుకలో గుండ్రాళ్లను కొట్టేవాడు. ఒక రాయికి ఒకే దెబ్బ, రెండోది కొట్టడు. దెబ్బలు తినేది మాత్రం ఇంట్లో, మా నాయన చేత.

ఒంటి జాగ్రత్త.
పెద్దనాయన

*

బెంగళూరు,
25 జూన్ 2025

పెద్దనాయనకు సలాం.

మీ జాబు కౌంటర్‌లోనే చదివి గట్టిగా నవ్వేసినాను. మేనేజరు విష్ణువర్ధన్ సార్ "ఏమ్మా, లాటరీ తగిలిందా" అన్నాడు. మీరు నన్ను ఎంత మెచ్చుకున్నారో చెప్పుకోలేక చచ్చిపోయినాను.

పెద్దనాయనా, గోల్ఫ్‌లో తక్కువ వస్తేనే గొప్ప. ఇది మార్కులు కాదు, కొట్టిన దెబ్బల లెక్క. ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేస్తే అంత ఆటగాడు.

మొత్తం పద్దెనిమిది గుంతలు. ఒక్కో గుంతకు, బాగా ఆడేవాడికి ఇన్ని దెబ్బలు పడతాయని ముందే రాసి ఉంటుంది. దగ్గరదానికి మూడు, కొంచెం దూరానికి నాలుగు, చాలా దూరానికి ఐదు. దాన్ని పార్ అంటారు. మా గ్రౌండులో అన్నీ కలిపితే పార్ డెబ్బై రెండు. ఒక గుంతలో పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. ఒకటి తక్కువలో వేస్తే బర్డీ. రెండు తక్కువైతే ఈగిల్, అది నేను టీవీలోనే చూసినాను.

నా నూట ఎనిమిది అంటే గుంతకు రెండు చొప్పున, పద్దెనిమిదింటిలోనూ డబుల్ బోగీలు కొట్టినట్టు. నాయన డెబ్బై ఆరు అంటే మొత్తం ఆటకు నాలుగే ఎక్కువ. నూట ఒకటి నుంచి డెబ్బై ఆరుకు దిగినాడంటే, ఎవరూ నేర్పకుండా, వారానికి ఒక్క సోమవారం ఆడి! మా సార్లు లక్షలు పోసి నేర్చుకుని తొంభై దగ్గర ఆగిపోతారు. ఆ కప్పులో మొదట వచ్చినోణ్ణి ఆట నేర్పించే పనికి తీసుకునేవాళ్లంట. ఇంక బ్యాగు మోసే పని లేదు.

కప్పులో ఆడాలంటే ముందుగా నేను ఒక్కసారైనా నూరు లోపు తేవాలి. కార్డుల్లో నాయన ఏమి రాసినాడో పంపండి. ఆ లిస్టు సంగతి కూడా.

సిమ్రాన్

*

పామిడి,
20 జూలై 2025

చిరంజీవి సిమ్రాన్‌కు,

నీ జాబు అంది మూడు వారాలు దాటింది. జవాబు రాసినవి రెండు చించేసినాను.

పాత చిట్టాలు దించినాను. అతని కార్డు వచ్చిన రోజున ఆ అంకె ఎక్కించి, పక్కన నాకు తోచిన మాట ఒకటి రాసుకునేవాణ్ణి. 2000 ఆగస్టులో నూట ఒకటి, పక్కన "మేలు". డిసెంబరులో తొంభై ఏడు, "కొంచెం తగ్గినాడు". మరుసటి ఏప్రిల్లో తొంభై, "ఏమైందో". నవంబరులో ఎనభై మూడు, "దిగులు". 2002 మార్చిలో డెబ్బై ఆరు. దాని పక్కన ఏమీ రాయలేదు. ఆ తర్వాత వచ్చిన కార్డుల్లో అతను అంకెలు రాయడం మానేసినాడు. ఇరవై రెండేళ్లు ప్రతి కార్డులోనూ ఒకటే అడిగినాడు. "అన్నా, ఆడ వాన ఎంత పడింది?"

ఈ నేలలో తగ్గితే మంచిదనే లెక్క నేను ఎన్నడూ చూడలేదు. వాన, శెనక్కాయ మూటలు, బావిలో నీళ్లు, గొర్రెలు, ఇంట్లో మనుషులు, ఏది తగ్గినా చెడ్డే. పెరిగింది బోర్ల లోతు ఒక్కటే.

నువ్వు అడిగినవి కార్డుల్లో నుంచి ఎత్తి రాస్తున్నాను. మాటలు అతనివే.

"అన్నా, స్కోరు తగ్గాలంటే గొప్ప దెబ్బలు కొట్టే పని లేదు. చెడ్డ దెబ్బ వెనకాలే ఇంకో చెడ్డ దెబ్బ పడకుండా చూసుకుంటే చాలు. గుంతకు ఒక బోగీ అయితే కానీలే అనుకున్న రోజే నేను తొంభైకి వచ్చినా."

"దూరం కొట్టడం నేర్చుకుంటా సార్లు భుజాలు విరగ్గొట్టుకుంటారు. సగం దెబ్బలు గుంత చుట్టూ నలభై గజాల్లోనే పోతాయి. నేను సాయంత్రమంతా ఆడనే ఉంటా."

"బంతి చెట్లలోకి పోతే, ఆ సందులో నుంచే గుంతలో పాతిన జెండా మీదికి కొట్టాలని ఆశ పుడుతుంది. కొట్టకూడదు. అడ్డంగా బయటికి, గడ్డి మీదికి తీసుకోవాల. ఒక దెబ్బ పోతుంది, పోనీ. ఒక తప్పును ఒకే దెబ్బతో చెరిపేయాలని చూసినోడు మూడు తప్పులు చేసి వస్తాడు."

"లెక్క మరిచిపోకుండా ఎడమ జేబులో పది శెనక్కాయలు వేసుకుంటా. దెబ్బకు ఒకటి కుడి జేబులోకి. గుంత అయినాక మళ్లీ అన్నీ ఎడమ జేబులోకి. సార్లు లెక్క మరుస్తారన్నా, నా జేబు మరవదు."

ఇవి చదివినాక నేను ఊరకే ఉండలేకపోయినాను. దూది గట్టిగా చుట్టి, పైన దారం కుట్టి బంతి చేసుకున్నాను. ఏడో నంబరు కడ్డీ తీసుకుని తెల్లవారుతూనే పెన్నలోకి పోతున్నాను. నీళ్లు లేవు, ఇసుకే. వంతెన మూడో కాలు దగ్గర మొదలుపెట్టి నల్లబండకు తగిలిస్తే ఒక గుంత అని పెట్టుకున్నాను. అరవై నాలుగేళ్ల ముసలోడు కట్టె ఊపుతూ ఉంటే చాకలి సుబ్బరత్నమ్మ "ఏం సాయిబూ, పాములు కొడతాండావా?" అనింది.

మొదటి దినం ఏడు దెబ్బలు పట్టింది. కుడి జేబులో ఏడు కాయలు ఉండాలి. ఆరే ఉన్నాయి. ఎడమ జేబులో మూడు. అంటే పదిలో ఒకటి లేదు. రెండో దినం ఎనిమిది దెబ్బలు, కుడి జేబులో ఏడు కాయలు. మళ్లీ ఒకటి లేదు. పదహారు దినాలు చూసినాను. జేబులు నేను కుట్టుకున్నవే, గుండీలు ఉన్నవి, తిరగేసి చూసినాను, చిల్లు లేదు. నాకు పళ్లు లేవు, పచ్చికాయ తినను.

చిన్నప్పుడు ఈ ఇసుకలో నేను ముందు, అతను వెనక. నా జేబులో నుంచి కాయలు తీసుకుని తినేవాడు. తెలిసినా నేను తిరిగి చూసేవాణ్ణి కాదు. ఇప్పుడూ చూడటం లేదు. కాళ్ల ముద్రలు ఎన్ని జతలని కూడా చూడటం లేదు.

లిస్టు సంగతి ఇంక అడగవద్దు తల్లీ.

పెద్దనాయన

*

బెంగళూరు,
2 ఆగస్టు 2025

పెద్దనాయనకు సలాం.

నాయన మాటలు కాపీ చేసి పంపినందుకు మీకు ఎంత చెప్పినా తక్కువే. దూరం కొట్టడం వదిలేసి వారం రోజులుగా సాయంత్రాలు గుంత చుట్టే ఉంటున్నాను. జేబులో శెనక్కాయలు కూడా. నిన్న సోమవారం కాకపోయినా గ్రౌండు ఖాళీగా ఉంటే సార్ ఆడనిచ్చినాడు. నూట మూడు. ఐదు దెబ్బలు తగ్గినాయి. ఇప్పుడు మీకు చెప్పనక్కరలేదు, తగ్గితే మంచిది.

నా జేబులో లెక్క సరిపోతూనే ఉంది. ఆయన మీ దగ్గరికి వస్తున్నాడు, నా దగ్గరికి రావడం లేదు. ఎందుకో నాకు అర్థమైంది.

అడగవద్దన్నారు. అడగను. కాదు అని ఒక్క మాట రాయడానికి మీకు ఇన్ని జాబులు చాలలేదంటే, అమ్మ అన్నదే నిజమని అర్థం. కాన్పుకని సెలవు పెట్టి ఉంటాడు. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంటాడు, అక్కడ లిస్టు వేసేసి ఉంటారు. నా వల్ల ఇరవై రెండేళ్లు బ్యాగు మోసినాడు. మోస్తూనే పోయినాడు. ఆయన బ్యాగుతో, ఆయనకు దక్కని పోటీలో నేను ఏ మొహం పెట్టుకుని ఆడేది? పేరు వెనక్కి తీసుకోవాలని అనుకుంటున్నాను. ఆగస్టు 20 వరకు టైం ఉంది.

అప్పటి క్యాడీల మేస్త్రీ చిన్నప్ప ఇంకా బతికే ఉన్నాడంట, హోసకోటలో కొడుకు దగ్గర. మీరు చెప్పకపోయినా వచ్చే ఆదివారం పోయి ఆయన నోటితోనే విని వస్తాను. విన్నాక పేరు తీసేస్తాను.

సిమ్రాన్

*

పామిడి,
8 ఆగస్టు 2025

సిమ్రాన్‌కు,

ఇది స్పీడు పోస్టులో వేస్తున్నాను. ఆదివారం లోపల నీకు అందదని పోస్టాఫీసులో జోయల్ అన్నాడు. అయినా వేస్తున్నాను. చిన్నప్ప చెప్పకముందే నేను రాసినానని తారీఖు అయినా సాక్ష్యం చెప్పనీ.

నీ వల్ల కాదు. నువ్వు పుట్టడానికి పన్నెండు దినాల ముందే లిస్టు వేసినారు. పేరు తీయించింది నేను.

చిన్నప్ప మన కంబదూరు పక్క మనిషి. అతావుల్లాను బెంగళూరుకు తీసుకుపోయి భుజాన బ్యాగు పెట్టింది ఆయనే. ఆయనకు నేను జాబు రాసినాను. "మా తమ్ముడు ఆటలో నెలనెలకూ వెనకబడుతున్నాడు. పదిమందిలో నవ్వులపాలైతే తట్టుకోలేడు. దయచేసి పేరు తీసేయండి. నేను చెప్పినట్టు వానికి తెలియకూడదు." ఇంతే రాసినాను. ఒక్క కామా కూడా మరిచిపోలేదు.

ఎందుకు రాసినానో చెప్తాను, తప్పు తగ్గించుకోవడానికి కాదు. అతనికి పదేళ్లప్పుడు ఇస్కూలు వార్షికోత్సవంలో పద్యం చెప్పడానికి లేచి మధ్యలో మరిచిపోయినాడు. ఊరంతా నవ్వింది. రెండు దినాలు ఇంటికి రాలేదు. దూది గోడౌనులో మూటల మధ్య పడుకుని ఉంటే నేనే కనుక్కున్నాను. ఊపిరి ఆడక పెదాలు నీలంగా ఉండినాయి. ఎత్తుకుని బయటికి తెస్తే "అన్నా, నవ్వతాండారా ఇంకా?" అని అడిగినాడు. డెబ్బై ఆరు అనే అంకె చూసినప్పుడు నాకు ఆ పెదాలే కనపడినాయి.

అడిగి ఉంటే ఒక్క మాటలో తేలిపోయేది. "ఏమప్పా, తగ్గిపోతాండావే" అని ఒక కార్డు రాస్తే నవ్వి చెప్పేవాడు. నేను అడగలేదు. నాకు లెక్క తెలుసనుకున్నాను.

పదహారు నెలల ముందు అతన్ని మట్టిలో పెట్టినప్పుడు కూడా నేను మంచే చేసినానని అనుకుంటూ ఉన్నాను. నీ రెండో జాబు చదివిన రోజు నుంచి విల్లు తాడు తెల్లవారేటప్పుడే కాదు, మధ్యాహ్నం కూడా మోగుతుంది. కూలోళ్ల ఎదుట చెవులు మూసుకుంటాను. వాళ్లు "చెవిటోడు చెవులు మూసుకుంటాడే" అని నవ్వుకుంటారు.

పేరు తీయవద్దు. ఇంట్లో ఒక పేరు తీసింది చాలు.

రహంతుల్లా

*

పామిడి,
28 ఆగస్టు 2025

సిమ్రాన్‌కు,

నా జాబు అందిందో లేదో తెలియదు. అంది ఉంటే జవాబు రాయకపోవడం కూడా న్యాయమే. పేరు ఉంచినావా తీసినావా అని మాత్రం ఒక్క ముక్క రాయి. ఉత్త కార్డు చాలు.

ఈడ మొన్న పదకొండు మిల్లీమీటర్లు పడింది. ఇసుక తడిసింది. పెన్నలో ఆటకు పోతూనే ఉన్నాను. ఒక కాయ తగ్గుతూనే ఉంది.

పెద్దనాయన

*

బెంగళూరు,
9 సెప్టెంబరు 2025

పెద్దనాయనా,

నెల రోజులు మీకు రాయలేదు. కావాలనే రాయలేదు. చిన్నప్ప దగ్గరికి పోయి వచ్చిన మూడో రోజు మీ జాబు అందింది. మీ మీద కోపం ఉంది. లేదని రాస్తే అబద్ధం. కానీ "మీరు, మీరు" అని దూరం పెట్టి రాయడం ఇంక నాకు చేతకాదు. నాయనతో మాట్లాడినట్టే మాట్లాడతాను, ఏమనుకోవద్దు.

చిన్నప్పకు ఎనభై దాటింది. చూపు లేదు. నా గొంతు విని "అతావుల్లా కూతురా? ఆ కాగితం కోసం వచ్చింటావు" అన్నాడు. నేను అడగకముందే. లోపలికి పిలిచి పెట్టె తీయించి నీ జాబు నా చేతిలో పెట్టినాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ పెద్దనాయన రాసింది చూసి నాకు నవ్వొచ్చింది. డెబ్బై ఆరు కొట్టేవాడు వెనకబడేది ఏంది? ఇంట్లో వాళ్లకు ఇష్టం లేదు, నేరుగా చెప్పలేక ఏదో సాకు రాసినారు అనుకున్నా. ఇంటి పెద్ద మాట, మనకెందుకు గొడవని పేరు కొట్టేసినా. లిస్టు అంటించినాక మీ నాయన వచ్చి నిలబడినాడు. ఊరకే నిలబడినాడు. అది చూడలేక జాబు తీసి చేతికిచ్చినా."

పెద్దనాయనా, నాయనకు తెలుసు. 2002 నుంచి తెలుసు. నువ్వు తెలియకూడదని రాసిన మాట కూడా చదివినాడు. నీకు నెలనెలా కార్డు రాసినప్పుడు తెలుసు, రంజానుకు వచ్చి నీ పక్కన కూర్చుని తిన్నప్పుడు తెలుసు.

చదివి ఏమన్నాడని అడిగినాను. చిన్నప్ప చెప్పినాడు: "మొదట మొహం నల్లగా అయింది. రెండోసారి చదివి నవ్వినాడు. 'సార్, మా అన్న వానలెక్క రాసే మనిషి. తగ్గిందంటే ఆయప్పకు భయం. నేను తగ్గిపోతాండానని భయపడినాడు. ఇప్పుడు ఇది తప్పని తెలిస్తే ఆయప్ప అన్నం తినడు. నేను చూసినట్టు చెప్పొద్దు సార్. వచ్చే ఏడు ఆడతాలే' అన్నాడు. వచ్చే ఏడు కప్పే లేకపాయ."

నీకు అంకెలు రాయడం ఎందుకు మానేసినాడో ఇప్పుడు తెలిసింది కదా.

లిస్టు వేసిన మరుసటి సోమవారం మిగతావాళ్లు కప్పుకు ప్రాక్టీసు చేస్తుంటే నాయన కూడా ఒక్కడే ఆడినాడంట. స్కోరు కార్డులు అయిపోయినాయని చిన్నప్ప దగ్గర నీ జాబే తీసుకుపోయి, సాయంత్రం తెచ్చి ఇచ్చినాడంట. దాని వెనకవైపు చూడు. పద్దెనిమిది అంకెలు పెన్సిలుతో ఉన్నాయి. నేను మూడుసార్లు కూడినాను. డెబ్బై మూడు. ఆ ఏడు కప్పు గెలిచినోడికి డెబ్బై ఐదు. ఇది నీకు రాయాలా వద్దా అని వారం ఆలోచించినాను. ఉన్నదున్నట్టు రాయమని మొదట అడిగింది నేనే కదా. అసలు కాగితమే పంపుతున్నాను. అది నీది.

నేను పేరు తీయలేదు. ఆగస్టు ఆఖరి సోమవారం తొంభై తొమ్మిది తెచ్చి లిస్టులోకి ఎక్కినాను. నిన్న కప్పు. అమ్మ కూడా వచ్చింది, ఎండకు కొంగు కప్పుకుని నా వెనకే పద్దెనిమిది గుంతలూ నడిచింది. పద్నాలుగో గుంతలో బంతి చెట్లలోకి పోయింది. అదే చోటు, పెద్దనాయనా. చెట్ల సందులో నుంచి జెండా కనిపిస్తా ఉంది. కొట్టేయాలనిపించింది, ఒకే దెబ్బకు అంతా సరైపోతుందని. అమ్మ అంతసేపూ నోరు తెరవనిది "అడ్డంగా తీసుకో" అనింది. ఆమెకు ఎట్లా తెలుసో! అడ్డంగా తీసుకున్నాను. డబుల్ బోగీ. అంతటితో పోయింది.

మొత్తం తొంభై ఆరు. పద్నాలుగు మందిలో పదకొండో చోటు. నీ చిట్టాలో రాసుకో, పక్కన ఏమి రాస్తావో నీ ఇష్టం.

సిమ్రాన్

*

పామిడి,
16 సెప్టెంబరు 2025

తల్లీ సిమ్రాన్,

తొంభై ఆరు ఎక్కించినాను. పక్కన "మేలు" అని రాసినాను. 2002 చిట్టా దించి, మే నెల పేజీలో డెబ్బై మూడు కూడా ఎక్కించినాను. పక్కన రాయడానికి పెన్ను పెట్టినాను గానీ మాట రాలేదు. మార్చిలో డెబ్బై ఆరు పక్కన ఉన్న ఖాళీ, దీని పక్కన ఉన్న ఖాళీ ఒకటి కావు. అది మాత్రం నాకు తెలుసు.

నా చేతిరాత నా ముందే ఉంది. వెనక అతని పెన్సిలు. కాగితం తిప్పి తిప్పి చూసినాను. పదకొండో గుంత దగ్గర రెండు వేసి ఉంది. పార్ ఎక్కడా మూడుకు తగ్గదు కాబట్టి దాని పార్ మూడే అయి ఉంటుందని నీ జాబులోని లెక్కతో నేనే కనుక్కున్నాను. అంటే బర్డీ. మీ పెద్దమ్మను పిలిచి చూపించినాను. ఆమె చదువు రాదంటూనే ఆ రెండు మీద వేలు పెట్టి "ఇది ఆయప్పదే" అనింది.

ప్రతి రంజానుకూ నా పక్కన కూర్చున్నాడు. నేను వడ్డించింది తిన్నాడు. పోయేటప్పుడు బస్సు కిటికీలో నుంచి "అన్నా, వాన ఎంత పడిందో రాయి" అనేవాడు. ఎక్కువైతే మంచిదైన లెక్క ఒక్కటే నన్ను అడిగినాడు, నేను తప్పకుండా చెప్పగలిగినది.

నీ జాబు వచ్చిన మరుసటి ఉదయం విల్లు మోగలేదు. ఇల్లంతా చెవిటిగా ఉండింది. లేచి పోయి తాడు మీటినాను. తాడు ఊగింది, నాకు ఏమీ వినపడలేదు.

కడ్డీ తీసుకుని పెన్నలోకి పోయినాను. నీ నాయన కాగితం చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. ఐదు దెబ్బల్లో బండకు తగిలింది. ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు. ఇసుకలో కూర్చుని రెండు జేబులూ దులిపినాను. ఎడమ ఐదు, కుడి ఐదు. పది తీసుకుపోయినాను, పది ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టినాను. తిరిగి చూసినాను కూడా, మొదటిసారి. వంతెన దాకా ఒకే జత అడుగులు.

నలభై ఏళ్లుగా సాయంత్రం లెక్క సరిపోతే నిద్ర పట్టేది నాకు. ఇది సరిపోయినాక పొద్దు ఎక్కేదాకా ఇసుకలోనే కూర్చున్నాను. సుబ్బరత్నమ్మ వచ్చి "ఏం సాయిబూ, ఏమన్నా పోగొట్టుకున్నావా?" అని అడిగింది. ఏమీ పోలేదని చెప్పినాను.

ఏడో నంబరు కడ్డీ నీ బ్యాగులోకి చేరాలి. వచ్చే నెల మీ పెద్దమ్మతో కలిసి నేనే తెస్తాను. ఆ పద్నాలుగో గుంత చూపించు. అంతవరకు నాకు పని ఉంది. రేపటి నుంచి జేబుల మీది గుండీలు పెట్టుకోను. నిదానంగా నడుస్తాను.

పెద్దనాయన